‘నా లక్ష్యం ఏంటో తెలియడం లేదు’ అనేవాళ్ళకి: పది వారాల్లో చేసి చూడాల్సిన పని

ఈ ప్రశ్న మూడు రకాల వాళ్ళ నుంచి మళ్ళీ మళ్ళీ వస్తుంది. చదువు పూర్తయి ఎటు వెళ్ళాలో తేలనివాళ్ళు. ఉద్యోగం, ఇల్లు, పిల్లలు అన్నీ కుదిరాక ‘ఇంతేనా?’ అనిపించినవాళ్ళు. రిటైరయ్యాక పొద్దున లేచి ఏం చేయాలో తోచనివాళ్ళు. వయసులు వేరైనా అడిగేది ఒకటే: బతుకులో ఓ అర్థం, కాస్త సంతోషం ఉండాలంటే, అలా నిండుగా చాలా కాలం బతకాలంటే ఏం చేయాలి? ఒక్కొక్కరికీ విడిగా రాయలేక ఒక పద్ధతిగా ఇక్కడ పెడుతున్నాను.

ముందే చెప్పేస్తాను. కూర్చుని ఆలోచిస్తే లక్ష్యం దొరుకుతుందని నేను నమ్మను. చిన్న పని ఒకటి పట్టుకుని కొన్నాళ్ళు చేసి, దానివల్ల మన రోజులు ఎలా మారాయో చూసుకుంటేనే తెలుస్తుంది. అందుకే ఇందులో ధ్యానాలు, ప్రేరణ వాక్యాలు ఉండవు. నోట్‌బుక్ పని ఉంటుంది.

అసలు దీనికీ ఆయుష్షుకీ సంబంధం ఉందా అని అడిగేవాళ్ళ కోసం రెండు ముక్కలు. జపాన్‌లోని ఓసాకి ప్రాంతంలో 40 నుంచి 79 ఏళ్ళ మధ్య ఉన్న 43,391 మందిని ‘మీ జీవితంలో ఇకిగాయ్, అంటే బతకడానికి తగ్గ కారణం, ఉందా?’ అని అడిగి ఏడేళ్ళు గమనించారు. 2008లో ఫలితాలు ప్రచురించారు. లేదని చెప్పినవాళ్ళకి మరణం ముప్పు, ఉందన్నవాళ్ళతో పోలిస్తే, సుమారు ఒకటిన్నర రెట్లు కనిపించింది. అయితే ఇది గమనించి చెప్పిన విషయమే. ఆరోగ్యం బాగున్నవాళ్ళకి అర్థం దొరకడం సులువు కావడం వల్ల కూడా ఇందులో కొంత తేడా వచ్చి ఉండొచ్చు. కాబట్టి ‘లక్ష్యం ఉంటే వందేళ్ళు గ్యారంటీ’ అనేవాళ్ళ మాట నమ్మకండి. ఎక్కువ కాలం సంగతి ఎలా ఉన్నా, ఉన్న కాలం బాగుంటుంది. మొదలుపెట్టడానికి ఆ మాత్రం చాలు.

కావలసినవి

- ఒక నోట్‌బుక్, పెన్ను. ఫోన్‌లో రాసుకోవచ్చు కానీ, రాయడానికి ఫోన్ తీసి వేరే దాంట్లో పడిపోయే అలవాటుంటే కాగితమే మంచిది.
- రాత్రి పది నిమిషాలు, మొదటి వారం మాత్రమే.
- తర్వాత వారానికి రెండు గంటలు, పది వారాల పాటు.
- మీరు నిజం చెప్పగలిగే మనిషి ఒకరు. సలహాలు ఇవ్వకపోయినా పర్వాలేదు, వింటే చాలు.

పది వారాలే ఎందుకు? ‘21 రోజుల్లో అలవాటు’ అనే మాట అందరూ వినే ఉంటారు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మంది మీద పరిశీలించి చూస్తే, ఓ పని దానంతట అది జరిగే స్థాయికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులు, కొందరికి 254 రోజుల దాకా అంచనా వచ్చింది. మధ్యలో ఒక రోజు తప్పితే పెద్ద నష్టం లేదని కూడా అందులోనే తేలింది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, మూడో వారంలో అవసరపడుతుంది.

1. ఈ రోజు మీరు ఎక్కడున్నారో కొలవండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడే ఐదు ప్రశ్నల కొలత ఒకటి ఉంది. గత రెండు వారాలను తలచుకుని ఈ ఐదింటికీ మార్కులు వేయండి:

- ఉల్లాసంగా, మంచి మూడ్‌లో ఉన్నాను.
- ప్రశాంతంగా, రిలాక్స్‌డ్‌గా ఉన్నాను.
- చురుగ్గా, హుషారుగా ఉన్నాను.
- నిద్ర లేచేసరికి అలసట తీరి తాజాగా అనిపించింది.
- నాకు ఆసక్తి ఉన్న విషయాలతో నా రోజులు నిండి ఉన్నాయి.

అన్ని వేళలా అయితే 5, చాలా వరకు అయితే 4, సగం కంటే ఎక్కువ సమయం అయితే 3, సగం కంటే తక్కువ అయితే 2, అప్పుడప్పుడూ అయితే 1, అసలు లేకపోతే 0. మొత్తం కలిపి 4తో గుణించండి. 100కి ఎంత వచ్చిందో తేదీ వేసి రాసుకోండి.

హెచ్చరిక: 50 లేదా అంతకంటే తక్కువ వస్తే డిప్రెషన్ ఉందేమో డాక్టర్‌తో ఒకసారి చూపించుకోవడం మంచిది. ఇది జబ్బు నిర్ధారణ కాదు, చూపించుకోమని చెప్పే సూచన మాత్రమే. ఇష్టమైన పనులు కూడా వారాల తరబడి రుచించకపోవడం, నిద్ర, ఆకలి తలకిందులవడం ఉంటే అది లక్ష్యం లేకపోవడం వల్ల కాకపోవచ్చు. చికిత్స ఉన్న సమస్యని ‘నాకు జీవితంలో క్లారిటీ లేదు’ అనుకుని ఏళ్ళు గడిపేసేవాళ్ళు ఉన్నారు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే ఈ గైడ్ పక్కన పెట్టేయండి. ఈ రోజే దగ్గరివాళ్ళకి చెప్పండి, డాక్టర్ దగ్గరికో మీ ప్రాంతంలోని సహాయ నంబరుకో వెళ్ళండి.

2. ఒక వారం డైరీ రాయండి

మొత్తం పనిలో ఇదే ముఖ్యం. చాలామంది దాటేసేదీ ఇదే.

రాత్రి పడుకునే ముందు, గడిచిన రోజుని ఆరేడు ముక్కలుగా విడగొట్టండి. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏ సమయంలో ఏం జరిగిందో గుర్తు చేసుకుంటూ వెళ్ళడమే. మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్ బృందం 2004లో 909 మంది ఉద్యోగినులతో ఇలాగే రోజుని ముక్కలు చేయించి చూసింది. ‘మీరు సంతోషంగా ఉన్నారా?’ అని గుండుగుత్తగా అడిగితే వచ్చే జవాబు కంటే ఇలా అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. ప్రతి ముక్కకీ ఇవి రాయండి:

- ఏం చేశాను, ఎవరితో ఉన్నాను
- బాగుందా: 0 నుంచి 5
- విలువైన పని అనిపించిందా: 0 నుంచి 5
- మనసు అక్కడే ఉందా, ఇంకెక్కడో ఉందా

రెండు మార్కులూ విడివిడిగా వేయడమే ఇందులో కిటుకు. ఒక రోజు ఇలా ఉండొచ్చు:

ఫోన్‌లో వీడియోలు, గంటన్నర, ఒంటరిగా: బాగుంది 4, విలువ 1.
అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్ళడం: బాగుంది 1, విలువ 5.
పక్కింటి పిల్లాడికి భిన్నాల లెక్కలు చెప్పడం, అరగంట: బాగుంది 4, విలువ 5.
ఆఫీస్ మీటింగ్: బాగుంది 1, విలువ 1, మనసు ఎక్కడో.

చివరి గడి ఎందుకంటే, 2010లో కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ అనే పరిశోధకులు 2,250 మందిని ఫోన్ ద్వారా రోజులో అప్పుడప్పుడూ పలకరించి చూశారు. దాదాపు 47 శాతం సందర్భాల్లో వాళ్ళ మనసు చేస్తున్న పని మీద లేదు. అలా మనసు తిరుగుతున్నప్పుడు వాళ్ళు తక్కువ సంతోషంగా ఉన్నారు. మీ మనసు తనంతట తాను నిలిచే పని ఏదో తెలిస్తే సగం వెతుకులాట తీరినట్టే.

ఇక్కడ జరిగే తప్పు ఏంటంటే, ‘విలువ’ గడిలో లోకం వేసే మార్కు వేసేయడం. సేవ అనగానే 5, నిద్ర అనగానే 0. సరిచూసుకోవడానికి ఒక ప్రశ్న: ఈ పని నేను చేశానని ఎవరికీ ఎప్పటికీ తెలియకపోయినా ఇదే మార్కు వేస్తానా? ‘లేదు’ అంటే మార్కు మార్చండి. నోట్‌బుక్ ఎవరూ చూడరు కదా, మొహమాటం ఎందుకు.

రాసే ఓపిక లేకపోతే ఫోన్‌లో వాయిస్ రికార్డ్ చేసుకోండి. షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళు రాత్రి అని పట్టుకోకుండా, నిద్రకి ముందు ఎప్పుడైనా సరే చేయండి.

3. డైరీ చదవండి, ఒక వాక్యం రాయండి

వారం చివర రెండు మార్కులూ 4 లేదా పైన ఉన్న ముక్కల కింద గీత గీయండి. వాటిలో ఉమ్మడిగా ఏముందో చూడండి. పని పేరు చూడకండి, పని తీరు చూడండి. చేతులతో చేసేదా? ఎవరికైనా విడమరిచి చెప్పేదా? చెడిపోయినదాన్ని బాగుచేసేదా? చెల్లాచెదురుగా ఉన్నదాన్ని సర్దేదా? ఒకరి మాట వినేదా? ఒంటరిగానా, నలుగురితోనా?

తర్వాత ఇలా ఒక వాక్యం రాయండి: ‘నేను ఫలానా వాళ్ళకి ఫలానా పని చేసిపెట్టినప్పుడు బాగుంటుంది.’ ఉదాహరణకి, ‘అర్థంకాక భయపడుతున్నవాళ్ళకి ఒక విషయాన్ని నెమ్మదిగా చెప్పినప్పుడు బాగుంటుంది.’ ఇది జీవిత లక్ష్యం కాదు, ఊహ మాత్రమే. నిజమో కాదో తర్వాతి అడుగుల్లో తేలుతుంది.

మిగతా ముక్కల్ని కూడా వదిలేయకండి. బాగుండి విలువ తక్కువగా ఉన్నవి విశ్రాంతి, వాటిని పూర్తిగా తీసేయాలని చూడొద్దు. విలువ ఎక్కువై బాగోలేనివి సాధారణంగా బాధ్యతలు. అక్కడ మీకు కావలసింది ఇంకో లక్ష్యం కాదు, సాయం చేసే ఇంకో మనిషి. రెండూ తక్కువ ఉన్నవాటిలో ఒక్కటి ఎంచుకుని తగ్గించండి. మీకు కావలసిన రెండు గంటలు చాలాసార్లు అక్కడే దొరుకుతాయి.

గీత గీయడానికి ఒక్క ముక్క కూడా లేదా? కంగారు పడకండి, వారం మరీ రొటీన్‌గా గడిచి ఉండొచ్చు. మిమ్మల్ని బాగా ఎరిగిన ఇద్దర్ని అడగండి: ‘నేను దేని గురించి మాట్లాడేటప్పుడు హుషారుగా కనిపిస్తాను?’ ‘నాలో మంచి గుణాలేంటి?’ అని అడగొద్దు. మర్యాద కోసం ఏదో చెబుతారు. ఇంకో దారి, మీ చిరాకుని పట్టుకోవడం. చుట్టూ ఏది సరిగ్గా లేకపోతే మీకు ఊరుకోబుద్ధి కాదు? వేరేవాళ్ళు పట్టించుకోని విషయం మిమ్మల్ని ఇబ్బంది పెడుతోందంటే అక్కడ మీకు పని ఉందన్నమాట.

4. ఒక చిన్న పని ఎంచుకోండి

ఆ వాక్యానికి సరిపోయే పనికి ఈ నాలుగు షరతులూ ఉండాలి:

- ఒక వారంలోపు మొదలుపెట్టగలగాలి.
- వారానికి రెండు గంటలకు మించకూడదు.
- పది వారాల తర్వాత ఎవరికీ నష్టం లేకుండా ఆపగలగాలి.
- మీరు రాకపోతే ‘ఈ రోజు రాలేదేంటి?’ అని కనీసం ఒకరు అడగాలి.

నాలుగోది వదిలేసి మిగతా మూడే పాటిస్తే అది హాబీ అవుతుంది. హాబీ మంచిదే, కానీ మబ్బు పట్టిన రోజున మనల్ని మంచం మీంచి లేపదు. ఎవరో ఎదురుచూస్తున్నారంటే లేస్తాం.

ఇద్దరు పిల్లలకి వారానికోసారి చదువు చెప్పడం, చూపు తగ్గిన పెద్దాయనకి పేపర్ చదివి వినిపించడం, బంధువుల్లో ఒక పెద్దావిడ జ్ఞాపకాల్ని రాసిపెట్టడం, కాలనీ లైబ్రరీలో పుస్తకాలు సర్దడం, కొత్తగా చేరిన జూనియర్‌కి పని నేర్పడం. పెద్దగా అనిపించే పని కావాల్సిన అవసరం లేదు. మనుషులతో మాట్లాడటం కష్టమైతే వెనక ఉండి చేసే పని తీసుకోండి: లెక్కలు రాయడం, మొక్కలకి నీళ్ళు పోయడం, రిపేర్లు.

మంచం దిగలేని స్థితిలో ఉన్నవాళ్ళు ఫోన్‌తో చేయగలిగేది చూడండి. రోజూ ఒకే సమయానికి ఒంటరిగా ఉన్న ఒకరికి ఫోన్ చేసి పలకరించడం ఈ నాలుగు షరతులకీ సరిపోతుంది.

హెచ్చరిక: ఈ దశలో ఉద్యోగం మానేయొద్దు, అప్పు చేయొద్దు, కోర్సులకి డబ్బు కట్టొద్దు. ‘నా లక్ష్యం దొరికింది’ అని స్టేటస్ కూడా పెట్టొద్దు. నలుగురికీ చెప్పేశాక, నచ్చకపోయినా పరువు కోసం లాగుతూ ఉంటారు.

5. ఎప్పుడు, ఎక్కడ అన్నది ఖాయం చేయండి

‘వీలు చూసుకుని చేస్తాను’ అంటే జరగదు. ‘అయితే-అప్పుడు’ అనే పద్ధతిలో రాయండి: ‘శనివారం సాయంత్రం ఐదు అయితే, అప్పుడు ఫోన్ ఇంట్లో పెట్టి లైబ్రరీకి నడుస్తాను.’ జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ ఏళ్ళ తరబడి పరిశీలించిన పద్ధతి ఇది. సమయం, చోటు ముందే కట్టేసుకుంటే ఆ క్షణంలో మళ్ళీ నిర్ణయించుకోవాల్సిన బాధ ఉండదు. అడ్డంకికి కూడా ఒకటి రాసుకోండి: ‘వర్షం పడితే, అప్పుడు ఫోన్‌లో చెబుతాను.’

మూడో వారంలో బద్ధకం వస్తుంది. కొత్తదనం పోయి, ఫలితం ఇంకా కనిపించని సమయం అది. ఒకసారి తప్పితే తర్వాతి వారం మామూలుగా వెళ్ళిపోండి. రెట్టింపు చేసి సర్దుబాటు చేయాలని చూడకండి.

6. మనుషుల్ని దగ్గరగా ఉంచుకోండి

ఆయుష్షు గురించి గట్టి ఆధారం ఎక్కడుందంటే, నా లెక్కలో ఇక్కడే. 2010లో జూలియన్ హోల్ట్-లన్‌స్టాడ్ బృందం 148 అధ్యయనాల్ని, అందులోని 3,08,849 మంది వివరాల్ని కలిపి చూసింది. బలమైన సంబంధాలున్నవాళ్ళకి ఆ అధ్యయనాల కాలంలో బతికి ఉండే అవకాశం 50 శాతం ఎక్కువగా కనిపించింది. హార్వర్డ్‌లో 1938లో మొదలై ఇప్పటికీ సాగుతున్న అధ్యయనం కూడా ఇదే చెబుతోంది. డబ్బు, పేరు కంటే దగ్గరి సంబంధాలే ముసలితనంలో ఆరోగ్యానికి, సంతోషానికి ఎక్కువ తోడుపడ్డాయి.

చేయాల్సింది: ఒక పేజీలో పది పేర్లు రాయండి. పక్కన చివరిసారి ఎప్పుడు మాట్లాడారో రాయండి. గొడవేమీ లేకుండానే దూరమైన పేర్లు ఒకటో రెండో కనిపిస్తాయి. వారానికి ఒకరికి ఫోన్ చేయండి. మెసేజ్ కాదు, కాల్. 2021లో అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ చేసిన ప్రయోగాల్లో, పాత స్నేహితుడికి ఫోన్ చేస్తే ఇబ్బందిగా ఉంటుందని జనం ముందుగా అనుకున్నారు. తీరా చేశాక రాతలో పలకరించినవాళ్ళ కంటే ఎక్కువ దగ్గరితనం అనిపించింది, అనుకున్నంత ఇబ్బంది ఏమీ కలగలేదు. ‘ఊరికే గుర్తొచ్చి చేశా’ అంటే చాలు, ఇంకే సాకూ అక్కర్లేదు.

మిమ్మల్ని కించపరిచే, భయపెట్టే మనుషులు ఈ లిస్టులోకి రారు. బంధం పేరు ఏదైనా సరే.

7. ఒళ్ళు

దీని మీద అందరికీ తెలిసిందే, తక్కువలో ముగిస్తాను. పెద్దవాళ్ళకి వారానికి 150 నుంచి 300 నిమిషాలు, చెమట పట్టీ పట్టనంత వేగంతో నడక లాంటి కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నిద్ర సరిగ్గా లేనివాళ్ళకి డైరీలో ఏ పనికీ మంచి మార్కు పడదు. మీ మార్కులన్నీ 2 దగ్గరే ఉంటే పనిని తప్పుపట్టే ముందు నిద్ర చూసుకోండి.

ఎక్కువగా జరిగే తప్పులు

*సంతోషాన్ని వెంటాడటం.* 2011లో ఐరిస్ మాస్ బృందం చూపించింది ఇదే: సంతోషంగా ఉండటం చాలా ముఖ్యం అని ఎక్కువగా పట్టుకున్నవాళ్ళు, సంతోషించాల్సిన సందర్భంలోనే తక్కువ సంతోషపడ్డారు. ‘ఇప్పుడు బాగుందా? ఇప్పుడు?’ అని ప్రతి పూటా తడిమి చూసుకుంటుంటే ఉన్నది కూడా పోతుంది. మార్కులు మొదటి వారం, ఐదో వారం, పదో వారం మాత్రమే. మధ్యలో వద్దు.

*నాలుగు వృత్తాల బొమ్మ ముందు కూర్చోవడం.* ఇష్టమైనది, చేతనైనది, లోకానికి కావలసినది, డబ్బొచ్చేది, ఈ నాలుగూ కలిసే చోటే ఇకిగాయ్ అంటూ తిరిగే బొమ్మ జపాన్ నుంచి వచ్చింది కాదు. స్పెయిన్‌కి చెందిన ఆండ్రెస్ జుజునాగా వేసిన లక్ష్యం బొమ్మలో, 2014లో మార్క్ విన్ అనే ఆయన మధ్యలో ఆ పేరు పెట్టాడు. అక్కడినుంచి నెట్‌లో పాకిపోయింది. నాలుగూ కలిస్తేనే అర్థం అనుకుంటే చాలామందికి జీవితాంతం దొరకదు. డబ్బు ఒక చోట, అర్థం ఇంకో చోట దొరికితే తప్పేమీ లేదు.

*అంతా ఒకే దాని మీద పెట్టడం.* ఉద్యోగమే లోకం అనుకున్నవాళ్ళు రిటైరైన రోజున, పిల్లలే లోకం అనుకున్నవాళ్ళు వాళ్ళు వెళ్ళిపోయిన రోజున ఖాళీ అయిపోతారు. కనీసం రెండు ఉండాలి. రెండోది చిన్నదైనా ఫర్వాలేదు.

*పోల్చుకోవడం.* ఎవరో అరవై ఏళ్ళకి పర్వతం ఎక్కారని మీరు ఎక్కనక్కర్లేదు. మీకు డైరీలో పర్వతం ఎక్కడైనా కనిపించిందా?

*బాధ్యతల్లో మునిగి ఉండి కూడా రెండు గంటలు తీయాలని చూడటం.* పసిపిల్లలో, మంచాన పడ్డ పెద్దవాళ్ళో ఇంట్లో ఉంటే నాలుగో అడుగుకి 15 నిమిషాలు చాలు. అది కూడా కుదరకపోతే ఆరో అడుగు ఒక్కటే చేయండి, మిగతావి తర్వాత చూద్దాం.

8. ఫలితం చూసుకోండి

ఐదో వారం చివర, పదో వారం చివర ఐదు ప్రశ్నల కొలత మళ్ళీ చేయండి. 100కి 10 పాయింట్లు, లేదా అంతకంటే ఎక్కువ తేడా వస్తే దాన్ని నిజమైన మార్పుగా తీసుకోవచ్చు. రెండు మూడు పాయింట్ల తేడాకి పొంగిపోవద్దు, కుంగిపోవద్దు. ఆ వారం జ్వరమొచ్చిందా, ఇంట్లో టెన్షన్ ఏమైనా ఉందా అన్నది పక్కన రాసుకోండి.

మార్కుతో పాటు ఇవి కూడా చూడండి. పనికి వెళ్ళే ముందు బద్ధకంగా ఉన్నా తిరిగి వచ్చేటప్పుడు ఎలా ఉంటోంది? ఎవరూ అడగకుండానే ఆ పని గురించి ఏదైనా కొత్తగా నేర్చుకున్నారా? ఒకసారి వెళ్ళలేకపోయినప్పుడు హమ్మయ్య అనిపించిందా, వెలితిగా అనిపించిందా? నా దృష్టిలో ఈ మూడోదే అన్నిటికంటే నిజం చెబుతుంది.

వెలితి అనిపించి, మార్కు కూడా పెరిగితే ఆ పని కొనసాగించండి. గంటలు పెంచాలనిపిస్తే మూడు నెలల తర్వాత పెంచండి. మార్కు పెరగలేదు కానీ వెలితి ఉందంటే సమస్య వేరే చోట ఉండొచ్చు. నిద్ర, ఆరోగ్యం, ఇంట్లో సంబంధాలు చూడండి. మార్కు 10 పాయింట్లు తగ్గితే డాక్టర్‌తో మాట్లాడండి. హమ్మయ్య అనిపించిందంటే ఆ పని మీది కాదు. మీ కోసం ఎదురుచూసేవాళ్ళకి ముందుగా చెప్పి, మీ చోట ఇంకొకర్ని చూపించి మర్యాదగా మానేయండి. తర్వాత డైరీలో గీత గీసిన రెండో రకం పని తీసుకుని నాలుగో అడుగు నుంచి మళ్ళీ మొదలుపెట్టండి. ఏడాది లోపలే అయితే మొదటి మూడూ మళ్ళీ చేయనక్కర్లేదు, పాత నోట్‌బుక్ సరిపోతుంది.